పప్పుగుత్తి పిలుపు

చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మెకానిక్ ప్రేమానందం ఇల్లెక్కడని అడిగితే వీధివాళ్ళు గుమ్మాలు లెక్కపెట్టి చెప్పేవాళ్ళు కాదు. "ఆడ నిలబడి విను. యా ఇంట్లో తలుపు చెక్క మీద రెండు దెబ్బలు పడతాయో అదే" అనేవాళ్ళు. అన్నం వేళకు వెళ్ళినవాళ్ళకు ఆ గుర్తు తప్పేది కాదు.

ఆ దెబ్బలు వాళ్ళమ్మ గంగులమ్మవి. పిల్లలిద్దరూ చిన్నగా ఉన్నప్పుడే ఆమె గొంతులో గడ్డ లేచింది. కోసి తీశారు. గడ్డతోపాటు గొంతూ పోయింది. పెదాలు కదిలేవి, గాలి వచ్చేది, మాట మాత్రం వచ్చేది కాదు. లోకం ఊరుకుంటుందా? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయిందే అని ఆమె ఎదురుగానే అనేవాళ్ళు. అనడానికి వాళ్ళ నాలుకలు వాళ్ళకు ఉన్నాయి కదా. ఆ ఇంట్లో మాత్రం ఆ సామెతను ఎవరూ నోట పెట్టరు.

మొగుడు అంతకుముందే పోయాడు. గొంతులేని మనిషి, ఇద్దరు పిల్లలు, ఇళ్ళల్లో అంట్లు తోమే పని. పిల్లల్ని పిలవాలి కదా? చేతిలో ఉన్న పప్పుగుత్తితో గుమ్మం చెక్క మీద టక్ టక్ అని రెండు దెబ్బలు కొట్టేది. అన్నం ఉడికింది రండి అన్నా అవే దెబ్బలు, పొద్దుపోయింది ఆటలు చాలించండి అన్నా అవే, నాకు ఒంట్లో బాగాలేదు దగ్గర కూర్చోండి అన్నా అవే. ఏ దెబ్బలకు ఏ అర్థమో పిల్లలకు తెలిసేది, ఎట్లా తెలిసేదో వాళ్ళూ చెప్పలేరు. గొంతులు చించుకునే తల్లుల పిల్లలు ఎన్ని కేకలకు కదిలేవాళ్ళో గానీ, గంగులమ్మ పిల్లలు రెండో దెబ్బకు గడపలో ఉండేవాళ్ళు.

ఆ పిల్లలే పెద్దవాళ్ళయ్యారు. ప్రేమానందం రేడియోలు బాగుచేయడం నేర్చి, చివరికి ఊళ్ళో ఒక పెద్దాస్పత్రిలో మెకానిక్‌గా కుదిరాడు. భార్య తొలికాన్పులోనే బిడ్డతోపాటు పోయింది, మళ్ళీ చేసుకోలేదు. చెల్లెలు జ్ఞానాంబ నర్సు చదివి అదే ఆస్పత్రిలో చేరింది. పెళ్ళి మాటెత్తితే డ్యూటీ ఉండాదని లేచిపోయేది. ముగ్గురూ ఆ పెంకుటింట్లోనే ఉండేవాళ్ళు. ఆదివారం ఏసు గుడికి పోవడం, మిగతా రోజులు పనికి పోవడం, అంతే వాళ్ళ బతుకు.

ఎనభై రెండో సంవత్సరంలో ఆస్పత్రివాళ్ళు గుండెజబ్బులకని వేరే వార్డు తెరిచారు. ప్రతి మంచం పక్కనా ఒక మిషను. ఎక్కడో దూరదేశంలో వాడి వాడి పంపినవి. వాళ్ళకు పాతవైనవి మనకు కొత్తవి, ఎప్పుడూ ఉన్నదే. రోగి రొమ్ము మీద బిళ్ళలు అంటిస్తారు, తీగలు తగిలిస్తారు. గుండె ఆట తెర మీద గీతలుగా పోతుంటుంది. ఆట తప్పితే మిషను కీచుమని అరుస్తుంది.

అరవడం మంచిదే. కానీ అది ఎప్పుడు అరవదు? రోగి దగ్గితే అరిచేది. పక్కకు తిరిగితే అరిచేది. ఆ మిషను పుట్టిన దేశంలో మనుషులకు చెమట పట్టదేమో. మన నడివేసవి కత్తిరి ఎండలకు ఒళ్ళంతా తడిసి బిళ్ళలు ఊడివచ్చేవి, ఊడినప్పుడల్లా అరిచేది. ఒకటి మొదలెడితే ఇంకోటి అందుకునేది. గుండె బాగుచేసుకుందామని వచ్చినవాళ్ళు ఆ కీచుకు కళ్ళు మూయలేక తల పట్టుకునేవాళ్ళు. ఒక పెద్దాయన తువ్వాలు తీసి మిషను నోటికి అడ్డం కట్టాడు. నర్సులు నవ్వలేదు, విప్పలేదు.

బంగారుపాళ్యం మామిడి తోటల్లో చిలకల్ని తోలడానికి రేకు డబ్బాలు కడతారు. గాలికి అవి మోగుతూ ఉంటాయి. మొదట్లో చిలకలు బెదురుతాయి. కొన్నాళ్ళకు ఆ డబ్బా మీదే కూర్చుని కాయ కొరుకుతాయి. వార్డులో జరిగిందీ అదే. మిషన్లు అరుస్తూనే ఉండేవి, మనుషులు వాళ్ళ పనులు వాళ్ళు చేసుకునేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం సుబ్రమణ్యం అనే బస్సు కండక్టరు మిషను అరుస్తుండగానే పోయాడు. భార్య ఆయన పక్కనే కూర్చుని ఉంది. జ్ఞానాంబ రెండు మంచాల అవతల ఇంకొకరికి సూది వేస్తోంది. తిరిగి చూసేటప్పటికి గీత చదునైపోయింది.

"పొద్దున్నించీ అరస్తానే ఉండె గదమ్మా. నేనూ అట్లే అనుకుంటి" అందా భార్య. ఆమె జ్ఞానాంబను తిట్టలేదు. తిట్టి ఉంటే జ్ఞానాంబకు తేలిగ్గా ఉండేదేమో.

పైవాళ్ళు విచారణ పెట్టారు. బల్లకు అవతల నలుగురు, ఇవతల జ్ఞానాంబ.

"అలారం నీకు వినబడలేదా?"

"వినబడింది సార్."

"మరి?"

"పొద్దున్నించీ వినబడతానే ఉండింది సార్."

వాళ్ళు మొదటి జవాబు పట్టుకుని రెండోదాన్ని వదిలేశారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడినట్టు, అరవడం తప్ప ఏమీ తెలియని మిషను మంచిదైపోయింది, జ్ఞానాంబ చెవులు చెడ్డవైపోయాయి. ఆమెను వార్డు నుంచి తీసి దుప్పట్లు మడిచే గదిలో వేశారు. ఉద్యోగంలో ఉంచాలా తీసేయాలా అన్నది తర్వాత తేలుస్తామన్నారు. ఆస్పత్రిలో చెవిటి నర్సు అనే పేరు మాత్రం ఆ పూటే వచ్చేసింది.

ప్రేమానందం చెల్లెలితో అన్నాడు: "మిషను చెడిపోయి ఉండిందని నేను చెప్తా. మెకానిక్కును గదా, నమ్ముతారు."

"అది బాగానే అరిచింది గదన్నా. దాని పని అది చేసింది" అంది జ్ఞానాంబ. అబద్ధం ఆమెకు చేతకాదు. చేతనైతే ఇంత దూరం వచ్చేదే కాదు.

ఆ రోజు నుంచి ప్రేమానందానికి ఒకటే ధ్యాస. మనిషి తిరిగి చూసేట్టు మోగే అలారం ఒకటి తను చేసి చూపిస్తే, తప్పు చెల్లెలి చెవులది కాదని తేలిపోతుంది. పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని అడిగాడు. డాక్టరు మలయాళం దేశపు మనిషి, ఆ కీచుకు ఆయనకూ తలనొప్పే. "మిషను లోపల వేలు పెట్టవద్దు. బయటి నుంచి ఏం తగిలించుకుంటావో తగిలించుకో" అన్నాడు.

ప్రేమానందం మొదట చేసిన పని మంచిదే. మిషను అరవబోయినప్పుడల్లా వెంటనే మోగకుండా, నాలుగు ఊపిరుల సేపు ఆగి, అప్పటికీ గుండె ఆట సర్దుకోకపోతేనే మోగేట్టు ఒక పెట్టె కట్టాడు. దగ్గుకు మోగదు, పక్కకు తిరిగితే మోగదు. బిళ్ళలు ఊడకుండా గుడ్డపట్టీలు కుట్టించాడు. ఇక మోత ఒక్కటే మిగిలింది. కీచుమనకూడదు, కానీ ఎక్కడున్నా వినబడాలి.

బజారు వీధిలో పాత పాత్రల అంగడికి వెళ్ళి కంచు సామాన్లన్నీ వేలితో మీటి మీటి చూశాడు. ఒక గుండ్రటి పళ్ళెం దొరికింది, అంచున తాడు కట్టే బెజ్జం. కొడితే ఖంగుమని లేచి, చాలాసేపు నిలిచి, మెల్లగా అణిగింది. ప్రాణం లేచివచ్చింది ఆయనకు. దానికి చిన్న సుత్తి అమర్చి వార్డు గోడకు తగిలించాడు. నర్సులకు వినిపించాడు. బాగుంది బాగుంది అన్నారు. ఆ వార్డు నర్సులందరూ ఆదివారం గుడికి పోయేవాళ్ళే. డాక్టరూ బాగుందన్నాడు, ఆయనది ఈ ఊరే కాదు.

తెలిసినవాళ్ళకు ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. అది సేగండి. చిత్తూరు పల్లెల్లో మనిషి పోతే దాసరి వచ్చి శంఖం ఊది, శవం ముందు నడుస్తూ కొట్టే సేగండి. ప్రేమానందం దాన్ని విననివాడు కాదు. రోడ్డు మీద శవం పోతుంటే తల వంచుకుని పక్కన నిలబడేవాడు. కానీ పలకల మోతలో, శంఖంలో, ఏడుపుల్లో కలిసిపోయిన ఆ శబ్దాన్ని విడిగా ఎన్నడూ వినలేదు. వాళ్ళ పేటలో ఎవరైనా పోతే గుడిగంట మోగుతుంది, సేగండి కాదు.

మొదటిసారి అది రోగుల్ని చూసే వేళలో మోగింది. వార్డు నిండా జనం. ఒక ముసలాయన గుండె నిజంగానే ఆట తప్పింది, పెట్టె నాలుగు ఊపిరులు ఆగింది, సుత్తి కంచు మీద పడింది. నర్సులు పరుగున వెళ్ళారు. అలారం చేయవలసిన పని అది చేసింది, ముసలాయన బతికాడు. ఆ సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు.

ఎందుకంటే ఖంగుమనగానే ముందు ఆడవాళ్ళు నోట కొంగు పెట్టుకున్నారు. ఎవరు పోయారో తెలియకుండానే ఒకామె ఏడుపందుకుంది, మిగతావాళ్ళు కలిశారు. పక్క మంచంలో ఉన్న వరదమ్మ, బంగారుపాళ్యం దగ్గరి రైతుల ఇంటి ముసలావిడ, లేచి కూర్చుని రొమ్ము మీది బిళ్ళలన్నీ పీకేసింది. తీగలు ఊడితే పెట్టె ఊరుకుంటుందా, సేగండి మళ్ళీ మోగింది. కింద పని చేసుకుంటున్న ప్రేమానందానికి ఆ మోత వినబడింది. తను చేసింది పనిచేసిందని సంతోషంగా మెట్లెక్కి వచ్చాడు. వచ్చి చూస్తే చావింట్లో అడుగుపెట్టినట్టుంది.

"ఇంకా ఊపిరుండంగానే సేగండి కొట్టేస్తిరే నాయనా" అంటోంది వరదమ్మ, ఆయన్నే చూస్తూ. "ఆ మాత్రం ఆగలేకపోతిరా?"

ప్రేమానందం గోడకున్న తీగ పీకేసి, ఆ కంచు ఇంకా మోగుతుంటే అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. ఆయా మునెమ్మ దగ్గరికి వచ్చి మెల్లగా అంది: "దాసరాయన కొట్టేది గదబ్బా అది. నువ్వు తెలిసే పెట్టినావేమో అనుకుంటి. డాక్టర్లే ఒప్పుకున్నాక నాదేముండాదిలే అని ఊరుకుంటి."

కొడుకులు వరదమ్మను ఆ సాయంత్రమే బాడుగ కారులో ఊరికి తీసుకుపోయారు. ఎంత చెప్పినా వినలేదు. పెద్ద డాక్టరు ప్రేమానందాన్ని పిలిపించాడు. ఇన్నేళ్ళు ఈ సీమలో ఉండి ఆయన నేర్చుకున్న సామెతలు తక్కువ. వాటిలో ఒకటి ఆ రోజు వాడాడు. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడగొట్టావయ్యా" అన్నాడు. ప్రేమానందం తల వంచుకుని బయటికి వచ్చేశాడు.

వరదమ్మ చావలేదు. ఇంటికి వెళ్ళి తేరుకుంది, తేరుకుని ఈ కథ ఊరంతా చెప్పింది. ఆ ఆస్పత్రిలో పోకముందే సాగనంపుతారట అని ఆ చుట్టుపక్కల పల్లెలన్నీ చెప్పుకుని నవ్వుకున్నాయి. కొన్నాళ్ళకు ఆమె తమ్ముడు చెంగయ్యకు రొమ్ములో నొప్పి వచ్చింది. చిత్తూరుకు పోదామంటే ససేమిరా అన్నాడట. "ఆడికి బోయి సేగండి వినేకంటే ఈడ్నే పండుకుంటా" అన్నాడట. ఇంటి మంచం మీదే పోయాడు. ఆ ఊరినుంచి వచ్చిన వాళ్ళెవరో చెబితే ప్రేమానందం విన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. సుబ్రమణ్యం చావుకు ఆయన బాధ్యుడు కాడు. ఈ చావు మాత్రం తన చేతి సుత్తి దెబ్బే అనిపించింది. కాదని ఎవరు చెప్పినా వినే స్థితిలో లేడు, చెప్పినవాళ్ళూ లేరు.

ఇంట్లో జ్ఞానాంబ మాట్లాడటం తగ్గించింది. దుప్పట్ల గది నుంచి వచ్చి చాప వేసుకుని గోడవైపు తిరిగి పడుకునేది. ఒక ఆదివారం పగటిపూట, పక్క వీధిలో పెళ్ళి మైకు అదరగొడుతోంది. మద్రాసు రోడ్డులో లారీలు హారన్లు కొడుతూ పోతున్నాయి. ఆ పిల్ల ఏదీ వినకుండా ఒళ్ళు మరిచి నిద్రపోతోంది. చెవిటి నర్సు అన్నమాట నిజమేనేమో అని అన్నకే ఒక్క క్షణం అనిపించింది. అంతలో వంటింటి గుమ్మం మీద పప్పుగుత్తి పడింది. టక్ టక్. గట్టిగా కూడా కాదు. జ్ఞానాంబ కళ్ళు తెరిచి, "వస్తా ఉండామ్మా" అని లేచి కూర్చుంది.

చిన్నప్పటి నుంచీ ప్రేమానందం చూస్తున్నదే. ఆ రోజు చూసినట్టు ఎప్పుడూ చూడలేదు.

ప్రేమానందం పాత టేకు చెక్క ఒకటి తెచ్చి, లోపల డొల్ల చేసి, చిన్న కొయ్య సుత్తి అమర్చాడు. ఇనుము, గాజు, కంచు మోగే ఆస్పత్రిలో చెక్క మోత ఇంకొకటి లేదు, కాబట్టి తక్కిన నర్సులకూ తెలుస్తుంది అనుకున్నాడు. ఈసారి దాన్ని మంచాల దగ్గర పెట్టలేదు. లేవవలసింది నర్సు అయితే రోగి చెవిలో ఎందుకు కొట్టాలి? నర్సు కూర్చునే బల్లకు బిగించి, ఏ మంచమో తెలియడానికి దీపాలు పెట్టాడు. ముందు మునెమ్మను పిలిచి వినిపించాడు. "ఇది యా సావులోనూ కొట్టరు గదా?" అని అడిగాడు. "కొట్టరబ్బా. పప్పు ఎనిపినట్టుండాది" అంది మునెమ్మ.

అందరినీ అడిగాడు గానీ అమ్మను అడగాలని తట్టలేదు. పిలుపుకు సొంతదారులు ఉంటారని ఎవరికి తడుతుంది?

పెద్ద డాక్టరు విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు. "ఇదే ఆఖరు. మీ చెల్లెల్నే కూర్చోబెట్టు. వింటుందో లేదో అందరమూ చూద్దాం" అన్నాడు. అంటే ఇక ఆ అమ్మాయి ఉద్యోగం ఆ చెక్క మీద ఆధారపడింది. జ్ఞానాంబ దీపాలకు వీపు పెట్టి బల్ల దగ్గర మందులు సర్దుతూ కూర్చుంది. మిషన్ల నోళ్ళు మూతపడ్డాయి. వార్డులో ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడు అందరికీ కొత్తగా వినబడింది. రోగుల్లో ఒకరిద్దరు గుర్రు పెట్టారు.

చాలా పొద్దు ఏమీ జరగలేదు. వార్డు సందడిగానే ఉంది, డాక్టర్లు వచ్చి పోతున్నారు, ట్రేలు కింద పడుతున్నాయి. అప్పుడు చెక్క మోగింది. టక్ టక్.

"అమ్మా" అని లేచింది జ్ఞానాంబ. ఆ మాట తన నోట వచ్చినట్టు ఆమెకు తెలియదు, పక్కనున్న నర్సు విని చెప్పింది. దీపం చూసి పరుగెత్తింది. కాణిపాకంలో టెంకాయల అంగడి పెట్టుకున్న ఆదిమూలం మంచం అది. రొమ్ము మీద రెండు చేతులూ ఆనించి నొక్కడం మొదలుపెట్టింది. డాక్టరు వచ్చేదాకా నొక్కుతూనే ఉంది. ఆదిమూలం బతికాడు. పక్క మంచాల వాళ్ళకు మెలకువ కూడా రాలేదు.

విచారణ సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. తప్పు మాదేనమ్మా అని కూడా ఎవరూ అనలేదు. పెద్దవాళ్ళు అట్లా అనే ఆచారం మన దగ్గర లేదు. జ్ఞానాంబ మళ్ళీ వార్డులో చేరింది. చెవిటి నర్సు అన్న నోళ్ళే పాము చెవులమ్మా నీవి అన్నాయి. ప్రేమానందం అన్ని మంచాలకూ అదే అమర్చాడు. ఆయన జీవితంలో తలెత్తుకు తిరిగిన రోజులంటే అవే.

అవి ఎక్కువ కాలం లేవు. ఒక మధ్యాహ్నం అన్నాచెల్లెళ్ళు పీటల మీద కూర్చుని ఉన్నారు. జ్ఞానాంబ చేతిలో సంగటి ముద్ద ఉంది. లోపల నుంచి గంగులమ్మ, కూర తీసుకుపోవడానికి రమ్మని, గుమ్మం మీద పప్పుగుత్తితో కొట్టింది. జ్ఞానాంబ చటుక్కున లేచింది. ముందున్న సంగటి తట్ట బోర్లా పడింది. ఎంగిలి చెయ్యి గాలిలో ఎవరి మణికట్టునో వెతికింది. ముఖం పాలిపోయింది. తర్వాత ఇల్లు గుర్తొచ్చి కూర్చుంది. గంగులమ్మ శబ్దం లేకుండా నవ్వింది, పిల్ల ఏదో కలగందని.

రెండోసారి నవ్వలేదు. ఆదివారం ఉదయం తల దువ్వుకుంటున్న కూతురు ఆ దెబ్బలకు దువ్వెన పడేసి గుండె పట్టుకోవడం చూసింది. ఇంకోసారి, నిద్రలో నుంచి లేచి "యా మంచం?" అని అడగడం విన్నది. ఆమెకు నోరు లేదు గానీ బుద్ధి లేకపోలేదు. ఆస్పత్రిలో కొడుకు ఏం చేశాడో కూతురి నోటనే అప్పటికే విని తెలుసుకుంది. ఎవరితోనూ ఏమీ అనలేదు. అనడానికి ఆమెకున్నదే ఆ రెండు దెబ్బలు.

ఆ ఇంటి గుమ్మం మూగబోయిన సంగతి ప్రేమానందం వెంటనే గమనించలేదు. అరుగు మీద ఎవరిదో రేడియో విప్పుకుని కూర్చున్నాడొక రోజు. అన్నం వేళ దాటిపోతోంది, పిలుపు రాదేమని అనుకుంటున్నాడు. భుజం మీద చెయ్యి పడింది. తలతిప్పితే అమ్మ. మోకాళ్ళ నొప్పితో గోడ పట్టుకుని వంటింటి నుంచి అరుగు దాకా వచ్చింది.

"కొట్టొచ్చు గదమ్మా. ఎందుకు వస్తివి ఇంత దూరం?"

గంగులమ్మ లోపలున్న కూతురివైపు చూపించింది. తర్వాత అరచెయ్యి రొమ్ము మీద పెట్టుకుని పిట్ట రెక్కలల్లాడించినట్టు వేళ్ళు ఆడించింది.

ప్రేమానందానికి అప్పుడు అర్థమైంది. గొంతు కోసి తీసినవాళ్ళ పేరు ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మిగిలిన పిలుపును తీసుకుపోయినవాడు మాత్రం అరుగు మీదే కూర్చుని ఉన్నాడు.

"మార్చేస్తామ్మా. ఆడ వేరే మోత పెడతా" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఆడించింది. రెండు చేతులూ చెంప కింద పెట్టుకుని నిద్రపోయేవాళ్ళను చూపింది. వేలితో గాలిలో వరసగా మంచాలు లెక్కపెట్టింది. ఉండనీ అన్నట్టు ఆయన భుజం తట్టి, మళ్ళీ గోడ పట్టుకుని లోపలికి నడిచింది.

పప్పుగుత్తి వంటింట్లో మేకుకు వేలాడింది. పప్పు ఎనపడానికి తప్ప దించేది కాదు. గంగులమ్మ బతికినన్నాళ్ళూ ఆస్పత్రిలో ఆ చెక్క మోగుతూనే ఉండింది, నర్సులు తిరిగి చూస్తూనే ఉన్నారు. ఇంట్లో ఆమె ఒక్కొక్కరి దగ్గరికీ నడిచివచ్చి ముట్టి పిలిచేది. అన్నం వేళయితే ప్రేమానందం చేతిలో పని పక్కన పెట్టి వంటింటివైపే చూస్తూ కూర్చునేవాడు. అమ్మ అడుగు కదలగానే తనే లేచి ఎదురుపోయేవాడు.